పూలవ్వ దొడ్లో ఆ నాలుగు దినాలు

పోయిన నెలలో పూలవ్వ పెద్దకర్మకని మా ఊరికి వెళ్లాను. కావలిలో రైలు దిగి, కలిగిరి పోయే బస్సెక్కి, చెరువుకట్ట మలుపులో దిగి నడుచుకుంటూ ఆమె వీధిలోకి వెళ్లేసరికి వాకిట్లో ఎవరో షామియానా గుంజ పాతడానికి గడ్డపారతో గుంత తవ్వుతున్నారు. గడ్డపార దిగిన చోట తుంగగడ్డలు నలిగి వాసన వచ్చింది. ఆ వాసన తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, తొలి వాన పడిన మట్టిలో పచ్చకర్పూరం చిదిమి కలిపితే ఎట్లా ఉంటుందో దాదాపు అట్లా ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందటి ఒక దసరా సెలవుల్లో, నాలుగు దినాల పాటు, ఎన్నిమార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా నా అరచేతుల నుంచి అది పోలేదు. తినే అన్నం ముద్దలో కూడా అదే వాసన వచ్చేది.

చావు ఇంటికి వచ్చినవాణ్ణి ముందుగా లోపలికి వెళ్లి వాళ్లవాళ్లను పలకరించాలి. నేను మాత్రం చేతిసంచి అరుగు మీద పెట్టి, ఇంటి పక్క సందులోంచి నేరుగా దొడ్డి వైపు వెళ్లాను.

* * *

పూలవ్వ అసలు పేరు రేషను కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ మాత్రమే ఉండేది. ఊరందరికీ ఆమె పూలవ్వే. మాది నెల్లూరు జిల్లాలో మెట్ట ప్రాంతం. పెన్నా కాలువల కింద ఏటా రెండు పంటలు వరి పండించే ఊళ్లకూ మాకూ పోలిక లేదు. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు సజ్జ, జొన్న, కంది. అట్లాంటి చోట, ఇంటి వెనక ఉన్న కొద్దిపాటి దొడ్డిలో, ఒక్క చేదబావి నీళ్లతో ఆమె, ఆమె పెనిమిటి కలిసి కనకాంబరాలు, బొడ్డుమల్లెలు, చామంతులు, మరువం పెంచేవారు. బావి పక్కన నాలుగు రాతికూసాల మీద వెదురు పందిరి, దాని నిండా సన్నజాజి తీగ ఉండేవి. పెళ్లయిన కొత్తలో ఆ జాజిని తాత తన అత్తగారి ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి నాటినాడని ఆమె చెప్పేది. పుట్టింటి నుంచి ఆమె వెంట వచ్చిన వస్తువుల్లో చివరిదాకా మిగిలింది అదొక్కటే.

కోడి కూయక ముందే ఆ దొడ్లో గిలక మోగేది. చమురు లేని ఇనుప గిలక అది. ఖాళీ చేద లోపలికి దిగేటప్పుడు గడగడమని ఒక్క ఊపున, నిండుచేద పైకి వచ్చేటప్పుడు కీచుకీచుమని ఆగి ఆగి మోగేది. మా ఇల్లు మూడిళ్ల అవతల. గోడ గడియారం ఉన్నా దాన్ని చూసేవాళ్లు లేరు. "పూలవ్వ నీళ్లు తోడతా ఉండాది, ఇంక లెయ్యండి" అని మా నాయన మమ్మల్ని లేపేవాడు. వెలుతురు వచ్చేలోగా పాదులకు నీళ్లు పోయడం, పూలు కోయడం అయిపోయేవి. ఆ తరువాత ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కాలి బొటనవేలికి అరటినార కొస తగిలించుకుని, ఇటు రెండు అటు రెండు పూలు పేర్చి ముడి వేస్తూ మాల కట్టేది. చూపు వీధిలో వచ్చేపోయేవాళ్ల మీద ఉండేది కానీ చేతి మీద ఉండేది కాదు. మూర అంటే ఆమె మోచేయి నుంచి నడివేలి కొస దాకా. కొనడానికి వచ్చింది చిన్నపిల్ల అయితే కొసన ఇంకో నాలుగు పూలు వదిలి తుంచేది. మిగిలిన మాలలు తట్టలో పెట్టి, మీద తడిపిన గోనెపట్టా కప్పి, మొదటి బస్సుకు కావలి వెళ్లేది.

ఆ బస్సే ఆమెకు పెద్ద చిక్కు. బోర్డు చదవడం రాదు. "ఇది కావలికేనా అబ్బయ్యా?" అని ప్రతిదినం ఎవరినో ఒకరిని అడగాలి. ఒకసారి ఎవరో ఆకతాయి అవునని చెప్పడంతో వింజమూరు వైపు పోయే బస్సెక్కి, పూలన్నీ వాడిపోయిన తరువాత మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. ఆ దినం ఆమె ఏడవలేదు కానీ, అమ్మడానికి పనికిరాని ఆ పూలను వీధిలో ఆడపిల్లలందరికీ పిలిచి పంచుతూ ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు నేను హైస్కూలు పిల్లవాణ్ణి. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

* * *

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతటా అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. నేను అప్పటికి కావలిలో ఇంటర్ చదువుతూ, సాయంత్రానికి ఊరు చేరి, మా బడి వరండాలో లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దించే వాలంటీర్లలో ఒకణ్ణి. బడి అయ్యవారు మాకు పెద్ద దిక్కు. అన్నాలు తిని, గిన్నెలు కడుక్కుని, చంటిపిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. పూలవ్వ అందరికంటే ముందు వచ్చేది. ఆమెకు 'అ ఆ'ల మీద పెద్ద ఆసక్తి లేదు. "నాకు ముందు కావలి అని రాయడం నేర్పీ, మిగతావి నిదానంగా నేర్చుకుంటా" అని పట్టుబట్టి, మొట్టమొదట ఆ మూడక్షరాలే నేర్చుకుంది. పలక మీద 'వ' రాసేటప్పుడు నాలుక కొస పెదవుల మధ్యకు వచ్చేది.

మా కలిగిరి మండలంలోని దూబగుంటలో, అట్లాంటి రాత్రి బడిలోనే చదువుకున్న ఆడవాళ్లు 1992లో తమ ఊరి సారా అంగడి మూయించారు. అక్కడ మొదలైనది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించడం, ఆ వెనువెంటనే రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు ఊరూరా పుట్టడం అందరూ ఎరిగిన చరిత్రే. ఆ చరిత్రలో ఎవరూ పెద్దగా తలవని వస్తువొకటి ఉంది. అది హాజరు పట్టీ. అంతవరకు మా ఊళ్లో ఒక ముసలామె నాలుగు దినాలు కనిపించకపోతే, ఎక్కడికో వెళ్లి ఉంటుందిలే అనుకునేవాళ్లం. హాజరు పట్టీ వచ్చిన తరువాత ఆమె పేరు ఎదుట 'రాలేదు' అని ఎవరో ఒకరు చేత్తో రాయవలసి వచ్చింది. మా ఊళ్లో రాసేవాణ్ణి నేనే.

తాత పోయిన ఏడాదికి పూలవ్వ బావి దగ్గర పాచి పట్టిన చప్టా మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించి మంచంలో పడుకోబెట్టారు. మద్రాసులో హోటలు పనికి పోయిన కొడుకు నెల్లాళ్లు ఉండి, సెలవు లేదని వెళ్లిపోయాడు. వేసవి గడిచింది, వానలు మొదలయ్యాయి. పూలవ్వ పేరు ఎదుట నేను వరుసగా రాసుకుంటూ పోయాను. ఒకరాత్రి అయ్యవారు పట్టీ తిరగేసి, "రాలేదు, రాలేదు అని ఇన్నిసార్లు రాసినావే, ఎందుకు రాలేదో ఒక్కసారైనా పోయి చూసినావా?" అని అడిగారు. కోపంగా అడగలేదు, మామూలుగానే అడిగారు. నేను తలవంచుకున్నాను. అప్పుడు ఒక పిన్నమ్మ, "కట్టు విప్పినారు, కర్ర పట్టుకుని నడస్తా ఉండాది. అన్నం మేం వంతులేసుకుని ఇస్తానే ఉండాం. కానీ అయ్యవారూ, ఆమె దొడ్డి తలుపు తెరిచేదానికి లేదు" అంది.

* * *

మరుసటి ఉదయం మేం వెళ్లి చూస్తే ఆ మాట అక్షరాలా నిజమే. తలుపు రెక్క వెనక వయ్యారిభామ నడుమెత్తున పెరిగి ఆనుకుని ఉంది. దాని వెనక సర్కారు తుమ్మ అని కూడా పిలిచే చిల్లచెట్లు, ఆ పైన పందిరినీ బావినీ కలిపి కప్పేసిన కాకిదొండ, దూసరతీగలు. గిలక కనబడనే లేదు. స్నానానికి కట్టిన తడిక ఎక్కడుందో తెలియదు. ఆమె తెల్లవారకముందే వీధి వైపు వాకిలి పక్కన చీర అడ్డం కట్టుకుని స్నానం చేయవలసి వస్తోంది. పది దినాల కిందట ఇంట్లోకి కట్లపాము వచ్చింది. వీటన్నిటికంటే పెద్ద భయం నీళ్లది. దొడ్లో పడిన వాన వీధి కాలువలోకి పోయే బోదె పూర్తిగా పూడిపోయింది, ఇంటి వెనక గోడ మట్టిగోడ. మా వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. వాయుగుండం ఒకటి పట్టి నాలుగు దినాలు కురిస్తే ఆ గోడ నానకుండా నిలవదు.

ఆ సాయంత్రం రాత్రి బడిలో పాఠం జరగలేదు. దసరా సెలవులు మొదలవుతున్నాయి కాబట్టి మా ఈడు మగపిల్లలం ఎనిమిది మంది, పొదుపు సంఘం ఆడవాళ్లు పన్నెండు మంది, అయ్యవారు కలిసి నాలుగు దినాలు పని చేయాలని అనుకున్నాం. ఎవరింటి పనిముట్లు వాళ్లు తెచ్చుకోవాలి, ఎవరి సద్ది వాళ్లు కట్టుకోవాలి, పూలవ్వకు పైసా ఖర్చు కాకూడదు. ఇదీ మాట.

మొదటి దినం మేం గొడ్డళ్లతో పోయేసరికి చెరువుకట్ట కింది గుడిసెల నుంచి యానాది తాత వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయనను ఎవరు పిలిచారో నాకు తెలియదు. "బొక్కల్లో చేతులు పెట్టబాకండి. ఎలక ఉన్న చోటికే పాము వస్తాది. ముందు నన్ను పోనీండి" అని, పొడుగాటి కర్రతో గడ్డిని అటూ ఇటూ వంచుకుంటూ ఒక్కడే లోపలికి వెళ్లాడు. అరగంట సేపు మాకు కర్ర చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో మూరెడు కుబుసం ఉంది. ఎలుక బొరియలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ రాయి కదపకూడదో, ఏ మూల నుంచి మొదలుపెడితే లోపల ఉన్నది ఏ వైపుకు వెళ్లిపోతుందో చెప్పాడు. ఆ నాలుగు దినాల్లో ఎవరికీ పాము కాటు పడలేదంటే అది ఆయన చలవే. ఆ వయసులో నాకు పుస్తకంలో ఉన్నదే చదువు. అక్షరం రాని ఆ తాత దొడ్లోని నేలను చదివిన తీరు చూసిన తరువాత కొంత మారాను.

పూలవ్వ దొడ్డి గుమ్మంలో నులకమంచం వేయించుకుని కూర్చుంది. మేం గడ్డి అనుకున్నవన్నీ ఆమెకు గడ్డి కావు. "అబ్బయ్యా, తుమ్మిని పెరకబాకండి, కార్తీకంలో శివయ్యకు కావాల. ఆ గోడ మీది నల్లేరును అట్టనే ఉండనీండి, ఆ పచ్చడి తినే గదా నా ఎముక అతుక్కునింది. గుంటగలగర ఆ మూల కొంచెం ఉండనీండి." ఆడవాళ్లు కొంగు చేతికి చుట్టుకుని వయ్యారిభామను వేళ్లతో సహా పెరికారు. వద్దన్నా వినకుండా ఉత్త చేతులతో పెరికిన మా స్నేహితుడికి రాత్రికల్లా మోచేతుల దాకా దద్దుర్లు లేచి, వేపాకు నీళ్లతో స్నానం చేయించవలసి వచ్చింది.

* * *

రెండో దినమంతా చిల్లచెట్ల పని. చిల్లకంపతో పని చేసినవాళ్లకు తెలుసు, దాన్ని చేత్తో పట్టుకోవడం ఉండదు. ఒకరు పంగలకర్రతో కొమ్మను నొక్కి పట్టి ఉంచితే ఇంకొకరు మొదట్లో గొడ్డలి వేయాలి. పడిన కొమ్మను అదే పంగలకర్రతో తోసుకుంటూ పోయి ఒకదాని మీద ఒకటి అదిమి మోపు చేయాలి. చెప్పు అట్టలోంచి దిగిన ముల్లు పాదంలో విరిగితే పని ఆపి మొలతాడుకున్న పిన్నీసుతో తీసుకోవాలి. అంత చేసి మోకాలెత్తున నరికి వదిలేస్తే వానలకు ఒక్క మొద్దు నుంచి పది కొమ్మలు లేస్తాయి. చుట్టూ గుంత తీసి, నేల మట్టానికి జానెడు కింద ఉన్న దుంపను గడ్డపారతో లేపి తెగ్గొట్టితేనే దాని పీడ విరగడవుతుంది. అయ్యవారు పంచె ఎగగట్టి మాతోబాటు గడ్డపార పట్టి, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా దాని కథ చెప్పారు. అది ఈ నేల చెట్టు కాదని, వంటచెరకుకు పనికొస్తుందని ఇంగ్లీషు దొరల కాలంలో, 1870లలో, అటవీ అధికారులు సముద్రాల అవతలి నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారని, మేకలు తీపి కాయలు తిని పెంటికల ద్వారా ఊరూరికీ చేర్చాయని, సర్కారు తుమ్మ అన్న పేరు అందుకే వచ్చి ఉంటుందని చెప్పారు. దాన్ని ద్వేషించవద్దని కూడా అన్నారు. మా ఊళ్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది ఆ కట్టెతోనే కదా.

ఆ కట్టెతోనే పూలవ్వ ఇంటి కప్పు కూడా బాగుపడింది. బొగ్గుల బట్టీ ఆయన బండి కట్టుకుని వచ్చి, మొద్దులన్నీ తూకం వేసి తీసుకుని, ఇచ్చిన డబ్బుతో వెనక వసారాకు కొత్త తాటాకు వచ్చింది. తాటాకు కప్పడానికి మాకు చేతకాదు. ఆ పని తెలిసిన ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి ఒక పూటలో చేసి, కూలి అడగకుండా వెళ్లిపోయారు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద అందరం సద్దిమూటలు విప్పేవాళ్లం. చద్దన్నంలో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, ఎవరిదో చింతకాయ పచ్చడి, ఎవరిదో ఎండుచేపల వేపుడు. పూలవ్వకు ఊరికే కూర్చోవడం చాలా కష్టంగా ఉండేది. మంచం కిందినుంచి చిన్న చేట తీసి, బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి ఒక్కొక్కరి దోసిట్లో పోసేది. ఆ బొరుగులకు డబ్బు ఎక్కడిదని పిన్నమ్మ గద్దించింది. "నా పొదుపు రూపాయలు నా ఇష్టం" అంది ఆమె. ఆ మాట మీద ఇంక ఎవరూ మాట్లాడలేదు, తిన్నాం.

* * *

మూడో దినం నేను చేసిన పని ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

పందిరి మీది తీగలు తీసే పని నాకు ఇచ్చారు. కాకిదొండ, దూసరతీగ ఒకదానితో ఒకటి పెనవేసుకుని, కింద ఏముందో కనబడకుండా ముద్దగా ఉన్నాయి. వాటిని కోసి లాగి పడేస్తూ పోయాను. కూసం పక్కన మణికట్టు లావున, బూడిదరంగు బెరడుతో, ఒక్క ఆకు కూడా లేని మొదలు ఒకటి కనిపించింది. ఎండిన అడవితీగ అనుకున్నాను. నిన్ననే నేర్చుకున్న విద్య కదా, పైన నరికితే మళ్లీ లేస్తుందని చుట్టూ గుంత తీసి, గడ్డపార కిందికి దూర్చి, వేళ్లు పటపటమని తెగుతుంటే బలమంతా పెట్టి పైకి లేపేశాను. ఆ తరువాత గొడ్డలితో రెండు ముక్కలు చేశాను. తెగిన చోట లోపలంతా లేతపచ్చగా, తడిగా ఉంది. ఆ తడి చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది, అది జాజి.

గొడ్డలి కింద పెట్టలేకపోయాను. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. ఆ ముక్కలను కంపకుప్పలో కలిపేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది, దాచను. అంతలో గుమ్మంలోంచి పూలవ్వ, "అబ్బయ్యా, పందిరి కాడ జాజి మొదలు ఉండాల. దాన్ని నాకు ఒకసారి చూపీ" అంది. ఆ మొదలు ముక్కను తీసుకెళ్లి ఆమె మంచం ముందు నిలబడ్డాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి గోటితో బెరడు గీకి, పచ్చదనం చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతవరకు గలగలా మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. "ప్రాణం ఉండినింది" అని మాత్రం అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

కాసేపటికి ఆమె తేరుకుని, మా అమ్మ వైపు తిరిగి, "నీకు ఇచ్చిన అంటు బతికిందా?" అని అడిగింది. పోయిన ఎండలకు పోయిందని మా అమ్మ చెప్పింది. పూలవ్వ వేళ్లు మడుస్తూ ఇన్నేళ్లలో ఆ జాజి అంటు ఎవరెవరికి ఇచ్చిందో ఒక్కొక్క ఇల్లే చెప్పుకుంటూ పోయింది. ఒకరింట్లో మేక తినేసింది, ఒకరు గోడ కట్టుకుంటూ తీసేశారు, ఒకరింట్లో చెద పట్టింది. ఏడో వేలు మడిచేటప్పుడు ఆమె ఆగిపోయింది, పేరు గుర్తుకు రావడం లేదు. అప్పుడు బావి అవతల ఎలుక బొరియ తవ్వుతున్న యానాది తాత తల ఎత్తి, "నాకే గదవ్వా ఇచ్చినావు, నా కూతురు అడిగిందని. చెరువు ఊట తగలతా ఉండాది, గుడిసె మీదికంతా పాకింది" అన్నాడు.

ఆ సాయంత్రం నేను ఆయన వెంట కట్ట కిందికి వెళ్లాను. ఆయన ఒక పొడుగాటి కొమ్మను ఎంచి, నడుమ కొంచెం బెరడు గీకి, దాన్ని నేలకు వంచి, గీకిన చోటును జానెడు మట్టిలో పూడ్చి, పైన రాయి పెట్టి, కొసను బయట నిలబెట్టాడు. నేలంటు తొక్కడం అంటే అదని నేను అప్పుడే చూశాను. వేరు పట్టేదాకా తల్లి దగ్గర్నుంచి కోయకూడదన్నాడు. కావలి నుంచి బస్సు దిగిన ప్రతి సాయంత్రం నేను ముందు ఆ గుడిసె దగ్గరికి పోయి, మట్టి ఆరితే చెంబెడు నీళ్లు పోసి, ఆ తరువాతే ఇంటికి వెళ్లేవాణ్ణి. సంక్రాంతికి ముందు ఆయనే వేరుమట్టి చెదరకుండా కోసి తెచ్చి పూలవ్వ పందిరి కింద నాటాడు.

నాలుగో దినం బావి, బోదె. చాలాకాలం మూతపడి ఉన్న బావిలో చెడుగాలి ఉంటుందని, ముందు తాడుకు లాంతరు కట్టి దింపి, అది ఆరకుండా వెలుగుతుండడం చూసిన తరువాతే మనిషిని దించారు. పూడిక తీసి తీసి సాయంత్రానికి అందరి బట్టలూ ఒకే రంగుకు వచ్చాయి. గిలక తుప్పు గీకి ఆముదం పోశారు. మొదటి చేద పూలవ్వే తోడాలని అందరం అన్నాం. ఆమె ఒక చేత కర్ర, ఒక చేత తాడు పట్టుకుంటే పిన్నమ్మ వెనక నిలబడి తాడు లాగింది. గిలక మోగలేదు. ఆముదానికి దాని గొంతు పోయింది. "ఇదేందమ్మా, మూగదైపోయింది" అని పూలవ్వ ఆ నాలుగు దినాల్లో మొదటిసారి నవ్వింది. నెల గడిచేసరికి మళ్లీ కీచుమంది, మా నాయన మళ్లీ మమ్మల్ని లేపడం మొదలుపెట్టాడు. ఆ ఏడు కూడా వానలు గట్టిగానే పడ్డాయి. నీళ్లు బోదె వెంట పోయాయి, గోడ నిలబడింది.

* * *

పూలవ్వ మళ్లీ రాత్రి బడికి వచ్చింది, మళ్లీ బస్సెక్కింది. కావలి బస్టాండులో ఎవరో తెలియని ఆమెకు బోర్డు చదివి చెప్పిన సంగతిని మాకు పదిసార్లు చెప్పింది. తరువాత బడి ఆగిపోయింది. అయ్యవారు పోయారు, యానాది తాత పోయాడు. నేను చదువు కోసం, ఉద్యోగం కోసం ఊరు వదిలాను. ఇల్లు కట్టుకున్నవాళ్లంతా బోర్లు వేయించుకున్నారు. చేదబావుల మీద కప్పు పడింది, గిలకలు పాత ఇనుము కింద పోయాయి. హైదరాబాదులో కాపురం పెట్టినప్పుడు చెప్పడానికి వెళితే, పూలవ్వ ఒక జాజి అంటును పాత పాలడబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. మూడో అంతస్తులో, ఎండ రాని బాల్కనీలో అది ఏడాది తిరగకముందే పోయింది. ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె "జాజి ఎట్టుండాది అబ్బయ్యా?" అని అడిగేది. "బాగుందవ్వా" అని చెబుతూ వచ్చాను.

పోయిన నెల నేను వెళ్లేసరికి దొడ్డి మళ్లీ మూసుకుపోయి ఉంది. చివరి రెండేళ్లు ఆమె మద్రాసులో కొడుకు దగ్గర ఉంది. కావలిలో బట్టలు కుట్టే మనవరాలు, తన ఇద్దరు పిల్లలతో ఈ ఇంట్లోనే ఉంటానంటోంది, వేరే దారి కూడా లేదు ఆ పిల్లకు. కర్మ అయిన మరునాడు, ఆనాటివాళ్లలో మిగిలిన ఆరుగురమూ, ఊళ్లో కుర్రవాళ్లు కొందరూ కలిసి రెండు దినాలు ఆ దొడ్డి బాగుచేశాం. ఇప్పుడు పెట్రోలుతో నడిచే గడ్డి మిషను ఉంది, ఆడవాళ్లు పెరికే పని సగం అదే చేసింది. చిల్ల దుంపలకు మాత్రం ఇప్పటికీ గడ్డపారే. మిషను పట్టుకున్న కుర్రవాడు గోడవార తుమ్మిచెట్ల దగ్గర ఆపి, "ఇది తీసేదా, ఉంచేదా పెదనాయనా?" అని నన్ను అడిగాడు. ఉంచమన్నాను. ఒళ్లు నొప్పులు పుట్టినా మనసుకు ఎంతో హాయిగా అనిపించింది.

తలుపు వెనక పెరిగిన గడ్డి తీసి, దొడ్డి తలుపును లోపలివైపు నుంచి పూర్తిగా మూసినప్పుడు దాని రెక్క మీద బొగ్గుతో రాసిన రాతలు కనిపించాయి. వరుసగా ఇళ్ల గుర్తులు. మొట్టమొదట 'తాత, చెరువుకట్ట'. దాని కింద మా అమ్మ, పిన్నమ్మ, అయ్యవారి ఇల్లు, కావలిలో పూల అంగడి ఆమె, ఇంకా చాలామంది. మొదటి వరుసల్లో అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. 'వ' నేను దిద్దించిన 'వ'. కొన్ని పేర్ల మీద అడ్డంగా గీత ఉంది. మనవరాలిని అడిగితే, "జాజి చచ్చిపోయిన ఇంటి మీద గీత కొడతాది మా జేజి. ఎవరింట్లో బతికుందో తెలియాలంట, మళ్లీ కావాల్సి వస్తే" అంది.

కింద నుంచి మూడో వరుసలో 'అబ్బయ్య, హైదరాబాదు' అని ఉంది. దాని మీద గీత లేదు.

మా అమ్మ ఇంటి గోడ మీద జాజి ఉంది. తిరిగి వచ్చే ముందు దాని కొమ్మలు రెండు నేలకు వంచి, మట్టి కప్పి, రాళ్లు పెట్టి వచ్చాను. ఒకటి మనవరాలి పందిరికి. రెండోది వేరు పట్టిన తరువాత నేనే వెళ్లి తెచ్చుకోవాలి. ఈసారి ఎండ వచ్చే మేడ మీద పెడతాను.